ఇదే చివరి సూది

పొద్దున్నే కారు కడగనిదే డ్రైవింగు మాస్టారికి కాఫీ గొంతు దిగదు. అదేమైనా కొత్త కారా అంటే కాదు. ముందువైపు సొట్టలు, వెనకవైపు గీతలు, తలుపుల మీద నేర్చుకున్నవాళ్ళు వదిలిపోయిన గుర్తులు బోలెడు. దానికున్న గొప్పల్లా ఒక్కటే, పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నడిపేవాళ్ళు కంగారులో కాళ్ళూ చేతులూ మరిచిపోతే పక్కన కూర్చున్న మాస్టారు తొక్కుతాడు.

"నా కాలు బ్రేకు మీదే ఉంది, నువ్వు పోనియ్యి" అన్నది ఆయన మంత్రం. అసలు సంగతేమిటంటే, మొదటి వారం దాటాక ఆయన కాలు బ్రేకు మీద ఉండనే ఉండదు. రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుని హాయిగా కూర్చుంటాడు. ఉందనుకుంటే చాలు, వాళ్ళ చేతుల్లో వణుకు తగ్గుతుంది. ఆ ఒక్క అబద్ధం మీద ఊళ్ళో సగంమంది బండి నేర్చుకున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిది అని ఆయన తరచూ అంటాడు. ఆయన నోరు ఎంత మంచిదంటే, అవసరం పడితే నిజం కన్నా మంచిది.

ఆ రోజు కూడా బకెట్టు దగ్గర పెట్టుకుని అద్దాలు తుడుస్తుంటే, గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ మనవరాలు వచ్చింది. ఐదో ఏడు నడుస్తోంది. ఇంట్లో దాన్ని పెట్టిన పేరుతో ఎవరూ పిలవరు, బుడంకాయ అంటేనే పలుకుతుంది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. పాలు పోయడానికి ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టం చెంపకి అంటించి ఉంది. మొహంలో మాత్రం ఇల్లు కొనుక్కున్నవాళ్ళకుండే ధీమా.

"తాతయ్యా, ఇంద. దీంతో కారు తుడుచుకో," అంటూ మూతికున్న మాస్కు తీసి ఇచ్చింది.

"నీకొద్దూ?"

"నాకెందుకూ? నాకు అయిపోయిందిగా. నువ్వే చెప్పావుగా."

మాస్టారి చెయ్యి అద్దం మీద ఆగిపోయింది. బుడంకాయ అదేం పట్టించుకోలేదు. కారు ముందు చక్రం మీద చెయ్యి వేసి, ఆరిందాలా, "గాలి కొట్టించాలి," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

సంగతేమిటంటే, మర్నాడు పొద్దున్నే పిల్లని ఆసుపత్రిలో చేర్చాలి. ఇప్పటిదాకా జరిగిన వైద్యమంతా ఒక ఎత్తు, రేపు మొదలయ్యేది ఒక ఎత్తు.

ఆర్నెల్ల కిందట బుడంకాయ పొద్దున్న లేవగానే వాంతులు చేసుకునేది. చదునైన నేల మీద పడిపోయేది. కళ్ళద్దాల షాపులో రోజంతా పరాయివాళ్ళ కళ్ళు పరీక్షించే మాస్టారి కూతురే మొదట కనిపెట్టింది, బొమ్మ చూసేటప్పుడు పిల్ల తల ఒక పక్కకి వంచుతోందని. స్కాను తీస్తే తల వెనక భాగంలో, మనిషి తూలకుండా నిలబెట్టే చోట, నిమ్మకాయంత గడ్డ ఉంది. ఆపరేషన్ చేసి తీశారు. ఇంత చిన్న తలకి రేడియేషన్ ఇస్తే ఎదిగే మెదడు దెబ్బతింటుంది కాబట్టి మందులతోనే గట్టిగా కొడదామంది డాక్టరమ్మ. ఒక విడత తర్వాత ఒక విడత మందు ఎక్కించారు. మధ్యలో ఒకసారి పిల్ల రక్తాన్ని యంత్రంలోంచి తిప్పి, అందులోంచి మూలకణాలు తీసి గడ్డకట్టించి దాచారు.

ఆ దాచింది రేపటి కోసమే. ఈసారి ఇచ్చే మందు మామూలు మోతాదు కాదు. ఎక్కడో నక్కిన చెడ్డ కణాల్ని చంపడంతో పాటు, ఎముకల్లో రక్తం పుట్టే మూలుగని కూడా అది తుడిచిపెట్టేస్తుంది. అప్పుడు దాచిన కణాలు తిరిగి ఎక్కిస్తారు. అవి ఎముకల్లోకి చేరి మళ్ళీ రక్తం పుట్టించాలి. పుట్టించేదాకా పిల్ల అద్దాల గదిలో, తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే తోడుగా ఉండాలి. ఒంట్లో చిన్న జలుబుని కూడా ఎదుర్కొనే శక్తి ఉండదు. నోరంతా పుళ్ళు పడతాయి, నీళ్ళు మింగడమే నరకమవుతుంది. ఇవన్నీ డాక్టరమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పింది. మాస్టారు తల ఊపుతూ విన్నాడు.

విన్నవాడు విన్నట్టు ఉండొచ్చుగా. కిందటి విడత ఆఖరిరోజున, తొడకి సూది వెయ్యడానికి సిస్టర్ వచ్చింది. బుడంకాయ కాళ్ళు ముడుచుకుని, మంచం కమ్మీ పట్టుకుని, వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. కూతురు మందుల కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఉన్నది మాస్టారొక్కడే. ఆ ఏడుపు ఆయన వినలేకపోయాడు. వంగి, మనవరాలి చెవిలో, "బుడంకాయా, ఇదే చివరి సూది. ఇంక అయిపోయింది. తాతయ్య మాట," అన్నాడు. పిల్ల ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. కాలు చాపింది. సూది దిగేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది గానీ కిక్కురుమనలేదు.

"తాతగారు వస్తే మాకు పని తేలికండీ," అంది సిస్టర్. ఆ మాటకి మాస్టారు ఆ సాయంత్రమంతా నేల మీద నడవలేదు. తర్వాత భయం పట్టుకుంది. కూతురికి చెప్పేయాలనుకున్నాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపాడు. పసిదేగా, మరిచిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. ఎప్పుడో కొనిపెడతానని కొనని బెలూను ఏ రంగుదో కూడా చెప్పగల పిల్ల అది. మరిచిపోతుందా?

మాస్టారు చేతులు తుడుచుకుని, పై వాటాలో ఉన్న కూతురి దగ్గరికి మెట్లెక్కాడు. ఇవాళ చెప్పెయ్యాలి, అంతే.

ఆయన గుమ్మం చేరేసరికే ఆలస్యమైపోయింది. మంచం మీద బట్టలు పరిచి ఉన్నాయి. వేడినీళ్ళలో ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక్కో జతా ఒక్కో కవర్లో పెట్టి మూతి అంటిస్తోంది కూతురు. అన్నీ ముందు బొత్తాలున్న చొక్కాలే. ఛాతీలోంచి వచ్చే మందు గొట్టం చేతికందాలంటే అలాంటివే కావాలి. బుడంకాయ మంచానికి గడ్డం ఆనించి చూస్తోంది.

"ఊరెళ్తున్నామా అమ్మా?"

"లేదు తల్లీ. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం. ఇలా రా, చెప్తాను."

"ఆసుపత్రికి కాదు. నాకు అయిపోయింది."

కూతురు కవరు పక్కన పెట్టి పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. "ఇంకొకటి ఉంది బంగారం. ఇదే పెద్దది. కొంచెం కష్టంగా ఉంటుంది. నోరు మండుతుంది. నేను నీతోనే గదిలో ఉంటాను."

బుడంకాయ ఒళ్ళోంచి జారిపోయింది. "నువ్వెప్పుడూ అంతే. నొప్పి అంటావు, మంట అంటావు, ఇంకోటి అంటావు. నువ్వే అబద్ధాలు చెప్తావు. తాతయ్య అయిపోయిందన్నాడు. తాతయ్య అబద్ధం చెప్పడు."

కూతురు తలెత్తింది. గుమ్మంలో నిలబడ్డ తండ్రిని చూసింది. 

బుడంకాయ ఆయన కాళ్ళ పక్కనుంచే గోడ పట్టుకుని బయటికెళ్ళింది. నడిచి మెట్లు దిగడం ఇంకా రాదు కాబట్టి, మెట్టు మీద మెట్టు కూర్చుంటూ, జరుగుతూ, ఎవరి సాయం అక్కర్లేదన్నట్టు దిగిపోయింది. కింద కారు తలుపు తెరిచిన చప్పుడు, దభాలున వేసిన చప్పుడు వినిపించాయి. తర్వాత తాళాలు పడిన చప్పుడు.

"ఏం చెప్పావు నాన్నా దానికి?" అంది కూతురు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

మాస్టారు చెప్పాడు. దాచలేదు, నీళ్ళు నమలలేదు.  ఈలోగా మెట్ల మీద అలికిడి విని అమ్మమ్మ కూడా పైకి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. అలాగే నిలబడిపోయింది.

"పసిది కదమ్మా," అన్నాడు మాస్టారు. "ఆ ఏడుపు చూడలేకపోయాను. ఆ క్షణానికి ధైర్యం కావాలి దానికి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు."

"పెళ్ళికి చెప్పారండీ ఆ మాట," అంది అమ్మమ్మ. "జబ్బుకి చెప్పలేదు."

"నువ్వాగవే."

"నేనాగుతాను. అది ఆగుతుందా చూడండి."

కూతురు ఆగలేదు. "నీకేం నాన్నా. తీపి మాటలన్నీ నువ్వు చెప్తావు, చేదు మాత్రలన్నీ నేను మింగించాలి. దానికి ఆపరేషన్ అయిన రోజు నుంచీ నేను ఒక్కటే నియమం పెట్టుకున్నాను, దానికి అబద్ధం చెప్పకూడదని. నొప్పి పుడుతుందంటే పుట్టేది. తగ్గుతుందంటే తగ్గేది. ఆ నమ్మకం తప్ప నా చేతుల్లో ఇంకేముంది? రేపు అద్దాల గదిలో నోరు పుక్కిలించమంటాను. పుండు మీద మందు వేస్తే అరుస్తుంది. కొంచెంసేపే అంటాను. ఎందుకు నమ్మాలి నన్ను? ఇవాళ నేను అబద్ధాలకోరునై కూర్చున్నాను."

"నేను దిగి చెప్తాలేమ్మా. ఏదో సర్దుతాను. ఏం కాదు."

ఆ చివరి మాటే కొంప ముంచింది. కూతురి కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏం కాదు. ఇదే నాన్నా. నాకూ ఇదే చెప్పావు. స్కానుకి తీసుకెళ్తూ కారులో, నాన్నా నాకు భయంగా ఉంది అన్నాను. ఏం కాదమ్మా, కళ్ళు తిరుగుడు అంతే అన్నావు. గడ్డ అని తెలిసిన రోజు నీ దగ్గరికొచ్చి ఏడవబోతే, ఏడవకు, ఏం కాదు, నేను లేనూ అన్నావు. నీ ముందు ఏడిస్తే నువ్వు ఊరుకోబెడతావు. నాకు ఊరుకోవాలని లేదు నాన్నా. ఆ రోజు నుంచీ భయం వేస్తే నీ దగ్గరికి రావడం మానేశాను. తెలుసా నీకు? స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను."

 పై వాటాలో కుళాయి చప్పుడు ఎక్కువసేపు వినిపిస్తే మాస్టారు కింద నుంచి, "ట్యాంకు ఖాళీ అవుతుందమ్మా," అని కేకేసేవాడు. ఎన్నిసార్లు కేకేశాడో గుర్తొచ్చి ఒళ్ళు చచ్చిపోయింది.

అదే సమయానికి అల్లుడు డ్యూటీ దిగి వచ్చాడు. రైలు నడుపుతాడు. మనిషి మాటల్లో పొదుపరి. మామగారు అతన్ని "స్టీరింగు లేని డ్రైవరు" అని ఏడిపిస్తుంటాడు, అతను నవ్వేసి ఊరుకుంటాడు. గుమ్మంలోనే అందరి మొహాలూ చూసి, టిఫిను క్యారియరు కింద పెట్టాడు.

"పిల్ల కారులో కూర్చుని తాళాలేసుకుంది," అన్నాడు. "పిలిస్తే అద్దం కూడా దించలేదు. ఏమైంది?"

అమ్మమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. అతను విని, చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"మామయ్యగారూ, ఎర్ర దీపం చూస్తే నాకెప్పుడూ కోపం రాదండీ. ముందే కనిపిస్తే బండి ఆపుకుంటాను. పచ్చది చూపించి, దగ్గరికొచ్చాక ఎర్రది వేస్తేనే వస్తుంది."

అంతే అన్నాడు. భార్య పక్కన కూర్చుని, అంటించకుండా మిగిలిన కవర్లు అంటించడం మొదలుపెట్టాడు.

మాస్టారు మెట్లు దిగాడు.  వెనకనుంచి అమ్మమ్మ, "వెళ్ళి మళ్ళీ ఏ బెలూనో కొనిపెడతానని బేరం పెట్టకండి," అంది. గొంతులో కోపం కన్నా జాలే ఎక్కువ ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ తేడా ఆయనకి తెలుసు.

కారులో, నడిపేవాళ్ళ సీట్లో కూర్చుంది బుడంకాయ. స్టీరింగు వెనక దాని బోడిగుండు సగమే కనిపిస్తోంది. తాళంచెవి మాస్టారి జేబులోనే ఉంది. తియ్యలేదు. అద్దం మీద వేలితో కొట్టాడు.

"నేను బండి నడుపుతున్నా. మాట్లాడకూడదు," అంది లోపల్నుంచి.

"సరే. నువ్వు నడుపు. నేను బయట నిలబడి చెప్తాను. బుడంకాయా, నేను నీకు అబద్ధం చెప్పాను."

స్టీరింగు తిరగడం ఆగింది.

"అది చివరి సూది కాదు. నాకు తెలుసు కాదని. తెలిసే చెప్పాను. నువ్వు ఏడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తెలీక చెప్పాను."

"తాతయ్యలు అబద్ధం చెప్పకూడదు."

"చెప్పకూడదు. చెప్పాను."

 వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ, "ఏం మాస్టారూ, మీ కారులోంచి మిమ్మల్నే బయటికి పంపారా?" అని నవ్వారు. మాస్టారు తిరిగి ఒక్క మాటా అనలేదు. ఊళ్ళో ఆయన నోరు మూతపడటం అదే మొదటిసారేమో, ఆ సైకిలాయన వెనక్కి తిరిగి మరీ చూశాడు.

తాళం టక్కుమంది. మాస్టారు చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే భుజం మీద ఒక దెబ్బ పడింది. ఇంకోటి పడింది. చిన్న చెయ్యి, బలం లేని చెయ్యి. ఆయన కదలలేదు. కొట్టీ కొట్టీ దానికే ఆయాసం వచ్చింది.

"ఇంకా సూదులున్నాయా?"

"సూదులు తక్కువే. ఛాతీ గొట్టంలోంచే మందు ఎక్కిస్తారు. కానీ చాలా పెద్ద మందు."

"నొప్పా?"

ఏం లేదు అనబోయిన నాలుకని మాస్టారు పళ్ళ మధ్య పట్టుకున్నాడు. "నొప్పే."

"ఎక్కడ?"

"నోట్లో. గొంతులో. కడుపులో కూడా ఉండొచ్చు. అన్నం సయించదు. ఆ గదిలోంచి చాలా రోజులు బయటికి రాకూడదు."

"నువ్వు ఉంటావా?"

ఉంటానని చెప్పడానికి ప్రాణం కొట్టుకుంది. "ఉండను. లోపల అమ్మ గానీ నాన్న గానీ ఉంటారు. నన్ను రానివ్వరు. నేను అద్దం బయట ఉంటాను."

బుడంకాయ పెదవి వంకర తిరిగింది. "అయితే నేను ఏడుస్తాను."

"ఏడు."

"గట్టిగా ఏడుస్తాను. అందరూ లేచిపోతారు."

"లేవనీ. నిన్నెవరైనా ఏమన్నా అంటే నాకు చెప్పు."

అది ఏడవడం అక్కడే మొదలుపెట్టింది. మాస్టారు ఊరుకోమనలేదు. తన కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నిండాయి, వదిలేశాడు. పిల్ల ఆయన ఒళ్ళోకి పాకి వచ్చి, ఏడుపు మధ్యలో అడిగింది.

"అయితే అమ్మ చెప్పిందే నిజమా?"

"మీ అమ్మ చెప్పిందే నిజం. ఎప్పుడూ మీ అమ్మ చెప్పిందే నిజం. నేను చెప్పిందీ అమ్మ చెప్పిందీ వేరువేరుగా ఉంటే, అమ్మ మాటే నమ్ము."

మెట్ల మీద కూతురు నిలబడి ఉంది. ఎప్పుడు దిగిందో తెలీదు. బుడంకాయ కారు తలుపు తెరిచి, ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో తాత వేలు పట్టుకుని నిలబడి, "అమ్మా, నోట్లో ఏ పక్క మండుతుందో చెప్పు," అంది. తల్లి వచ్చి నేల మీద కూర్చుని, దాని బుగ్గ పట్టుకుని, ఇక్కడ, ఇక్కడ, నాలుక కింద అని చూపించింది. బుడంకాయ శ్రద్ధగా నోరు తెరిచి చూపించుకుంది. తర్వాత, "సంచీలో పసుపు టోపీ పెట్టు. ఎర్రది గుచ్చుకుంటుంది," అని హుకుం జారీ చేసింది.

ఆ పూట కూతురు తండ్రితో మాట్లాడలేదు. కోపమో కాదో ఆయనకి తెలియలేదు. మర్నాడు ఆసుపత్రి గుమ్మంలో మాత్రం, సంచీ అందుకుంటూ, "దాన్ని చూడ్డానికి రోజూ రా నాన్నా," అంది.

వెళ్ళాడు. పొద్దున పాఠాలు ముగించుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, అద్దం బయట కుర్చీలో కూర్చునేవాడు. మందు ఎక్కించినన్ని రోజులూ బుడంకాయ మంచం మీద నుంచి ఆయనకి బొమ్మలు చూపించేది. కణాలు ఎక్కించే రోజున, చల్లటి పొగలు కక్కే పెట్టెలోంచి చిన్న సంచీ తీసి, కరిగించి, గొట్టానికి తగిలించారు. ఇన్ని నెలల కష్టం, ఇంత భయం, చివరికి చూస్తే గుప్పెడు ఎర్రటి నీళ్ళ సంచీ. కణాలు పాడవకుండా కలిపిన మందు వల్ల గదంతా వెల్లుల్లి వాసన గుప్పుమందట. బుడంకాయ లోపలి ఫోను తీసుకుని, "తాతయ్యా, నేను కంపు కొడుతున్నా. అందరూ ముక్కు మూసుకున్నారు," అని గర్వంగా చెప్పింది. మాస్టారు అద్దం బయట నుంచే ముక్కు మూసుకుని కళ్ళు తేలేశాడు. పిల్ల పడీ పడీ నవ్వింది. చాన్నాళ్ళకి అదే ఆఖరి నవ్వు.

తర్వాతి రోజులు డాక్టరమ్మ చెప్పినట్టే వచ్చాయి. పెదవులు పగిలిపోయాయి. మాట ఆగిపోయింది. జ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చింది. నొప్పి మందు సన్నగా ఎక్కుతూనే ఉండేది. నోరు కడిగే వేళకి కూతురు గిన్నె పట్టుకుని పిల్ల మొహం దగ్గర మొహం పెట్టి ఏదో చెప్పేది. మాటలు మాస్టారికి వినపడేవి కావు. మండుతుంది, నేను లెక్కపెట్టడం అయ్యేసరికి తగ్గుతుంది అని చెబుతోందని పెదవుల్ని బట్టి తెలిసేది. బుడంకాయ తల్లి కళ్ళలోకి చూసి నోరు తెరిచేది. ఏడ్చేది, తల్లి చెయ్యి తోసేసేది, ఒకసారి గిన్నె తన్నేసింది. కానీ తెరిచేది. మంట మాత్రం తల్లి లెక్క అయ్యేలోపే తగ్గేది. కూతురు కావాలనే నెమ్మదిగా లెక్కపెట్టేదేమో. ఏమైనా, చెప్పిన మాట నిలబడేది.

మాస్టారు అవన్నీ చూస్తూ ఏమీ చెయ్యలేక కూర్చునేవాడు. ఒక మాట చెప్పి ఆపేద్దామంటే మధ్యలో అద్దం ఉంది. ఆ అద్దమే లేకపోతే మళ్ళీ ఏం కూసేవాడినో అని ఒకరోజు భార్యతో అన్నాడు. ఆవిడ ఆయన చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టింది.

ఒక ఉదయం డాక్టరమ్మ నవ్వు మొహంతో వచ్చింది. తెల్లకణాలు పైకొస్తున్నాయి. నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువ. దాచిన కణాలు ఎముకల్లో నిలదొక్కుకున్నాయన్నమాట. గండం గట్టెక్కినట్టే, ఇంకొన్నాళ్ళలో ఇంటికి పంపిస్తాం, తర్వాత స్కాను తీసి చూద్దాం అంది. అమ్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, చుట్టాలకి ఫోను చెయ్యడానికి వరండా చివరికి పరిగెత్తింది. అల్లుడు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. అద్దం వెనక బుడంకాయ పసుపు టోపీ తీసి నాన్న తల మీద పెట్టడానికి ప్రయత్నిస్తోంది.

కూతురు బయటికి వచ్చింది. గౌను విప్పి బుట్టలో వేసి, మాస్కు తీసింది. ముక్కు మీద దాని అచ్చు పడిపోయింది. తండ్రి పక్క కుర్చీలో కూర్చుంది. సంతోషించాల్సిన మొహంలో సంతోషం లేదు. ఒళ్ళో ఉన్న చేతులు చూసుకుంది.

"నాన్నా."

"ఊఁ."

"మళ్ళీ రాదు కదా అది?"

మాస్టారి నాలుక చివర మాటలన్నీ వరసగా నిలబడ్డాయి. ఎందుకొస్తుందమ్మా, ఇంత వైద్యం చేశాక. నువ్వు దిగులు పెట్టుకోకు. ఏం కాదు. నేను లేనూ. జన్మంతా చెప్పిన మాటలు, నోరు తెరిస్తే చాలు వాటంతట అవే దొర్లుతాయి. ఆయన నోరు తెరిచాడు, మూశాడు.

"తెలీదమ్మా," అన్నాడు.

కూతురు తల తిప్పి చూసింది.

"నాకు తెలీదు. డాక్టరమ్మకీ ఇప్పుడే తెలీదు. స్కాను తీసిన ప్రతిసారీ మనకి ఇలాగే ఉంటుంది. నాకు చాలా భయంగా ఉంది తల్లీ. నీకు చెప్పలేదు గానీ, పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో కారు ఆపించేస్తున్నాను. నేర్చుకునేవాళ్ళు వాళ్ళ తప్పేమో అనుకుంటున్నారు."

 ఇంత మంచి రోజున, పిల్ల గండం గడిచిన రోజున, కన్నకూతురికి ఇదా చెప్పేది? వెనక్కి తీసుకుందామా అనుకున్నాడు. అంతలో కూతురి తల ఆయన భుజం మీద వాలింది.

మొదట చప్పుడు లేదు. తర్వాత ఆమె ఏడ్చింది. గొంతు విడిచి, ముక్కు చీదుకుంటూ, వరండాలో వెళ్ళేవాళ్ళు చూస్తారన్న ధ్యాస లేకుండా ఏడ్చింది. ఇన్నాళ్ళు కుళాయి చప్పుడులో కలిపేసిందంతా ఆయన చొక్కా మీద పోసింది. మాస్టారు ఊరుకోమనలేదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. ఆయన కూడా ఏడ్చాడు. నా పిల్ల నా దగ్గరికి వచ్చింది, నా పిల్ల మళ్ళీ నా దగ్గరికి వచ్చింది అని మనసులో అదే మాట తిరిగింది.

ఫోను ముగించుకుని వచ్చిన అమ్మమ్మ ఇద్దర్నీ చూసి గుండె పట్టుకుంది. "ఏమైందండీ?"

"ఏమీ కాలేదే. మా ఇద్దరికీ భయం వేస్తోంది," అన్నాడు మాస్టారు.

 "నాకు వెయ్యట్లేదనుకున్నారా?" అని, ఆవిడ కూతురికి అవతలి పక్కన కూర్చుని, కొంగు చివర ఆమె చేతిలో పెట్టింది. కూతురు దాంతోనే ముక్కు తుడుచుకుంది.

చాలాసేపటికి ఏడుపు తెరిపిచ్చింది. కూతురు కళ్ళు తుడుచుకుని, జుట్టు వెనక్కి నెట్టుకుని, ఏదో గుర్తొచ్చినదానిలా తండ్రి వైపు చూసింది.

"నాన్నా, నాకు ఆకలేస్తోంది."

ఇన్ని వారాల్లో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. మాస్టారు లేచి చెయ్యి చాచాడు. కూతురు ఆ చెయ్యి పట్టుకుని లేచింది.